కార్న్ స్నేక్ తొట్టికి ఇంట్లోనే మూత చేసుకోవాలి: గాలి ఆడాలి, పాము మాత్రం దాటకూడదు

పొద్దుతిరుగుడు, ఫ్రిస్కో, టెక్సాస్
శనివారం ఉదయం 6:40

అందరికీ నమస్కారం. పాము తప్పించుకున్న సంగతి రాస్తున్నాను కాబట్టి ముందే చెప్పేస్తాను: దొరికింది, క్షేమంగా ఉంది.

మా అబ్బాయికి పదకొండేళ్లు. రెండేళ్లుగా విషం లేని కార్న్ స్నేక్‌ని పెంచుతున్నాడు. ఒంటి మీది ఎర్రటి మచ్చలు చూసి పండుమిరప అని పేరు పెట్టాడు. మగది, ఇప్పుడు మూడడుగులు ఉంటుంది. పోయిన నెలలో చిన్న పెట్టెలోంచి 40 గ్యాలన్ల బ్రీడర్ రకం గాజు తొట్టిలోకి మార్చాం. 36 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 16 ఎత్తు. పాతది కొన్నాం, మూత రాలేదు. ఇంట్లో ఉన్న కిటికీ దోమల జాలీ చట్రాన్ని పైన పెట్టి, రెండు చివర్లా ఐదేసి పౌండ్ల డంబెల్స్ ఉంచాను. నాలుగు రోజులు ఆగింది. ఐదో రోజు తెల్లారి చూస్తే డంబెల్స్ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, తొట్టి ఖాళీ.

మూడు రాత్రులు వెతికాం. తలుపుల కింద తువ్వాళ్లు కుక్కాం. వంటగదిలో గోడ వెంబడి పల్చగా మైదా చల్లాం. మూడో రాత్రి రెండు గంటలకి లేచి చూస్తే, మైదాలో వంకర గీత ఒకటి ఫ్రిజ్ కిందికి పోయింది. వెనక మోటారు పక్కన, వెచ్చటి చోట, చుట్ట చుట్టుకుని ఉన్నాడు. మావాడు నేల మీద బోర్లా పడుకుని, చెయ్యి చాపి, ఒక్కో చుట్టా నెమ్మదిగా విప్పుతూ బయటికి తీశాడు. టార్చ్ పట్టుకున్న నా చెయ్యి వణికింది, వాడి చెయ్యి వణకలేదు.

ఇంకో మూడు వారాల్లో భీమవరం నుంచి మా అత్తగారు వస్తున్నారు. ఇంట్లో పాము ఉందని ఫోన్లో చెప్పాం. ఆవిడ కాసేపు ఊరుకుని "మూత గట్టిదేనా బాబూ?" అని మాత్రం అడిగారు. గట్టిదేనండీ అని ఆవిడ కళ్లలోకి చూసి చెప్పగలిగే మూత కావాలి నాకు.

డ్రిల్లు, చేతిరంపం, స్టేపుల్ గన్ ఉన్నాయి. పెద్ద మిషన్లేవీ లేవు. ప్రస్తుతానికి ప్లైవుడ్ పలకకి కన్నాలు వేసి పైన పెట్టి, తొట్టి చుట్టూ బెల్టు బిగించాను. కదలడం లేదు కానీ లోపల అద్దానికి చెమట పడుతోంది. ఎలా చెయ్యమంటారు?

గోదారిగట్టు, ఎడిసన్, న్యూజెర్సీ
శనివారం ఉదయం 8:15

దొరికినందుకు చాలా సంతోషం అండీ. ఫ్రిజ్ వెనక, డిష్‌వాషర్ కింద... మా ఇంట్లో కూడా ఇవే చోట్లు. మీ అబ్బాయికి నా తరఫున శభాష్ చెప్పండి.

నేను ఎనిమిదేళ్లుగా కార్న్ స్నేక్స్ పెంచుతున్నాను. మీ డంబెల్స్ ఎందుకు కదల్లేదంటే, పాము వాటిని ఎత్తలేదు. ఎత్తాల్సిన పని దానికి లేదు. రాత్రంతా తొట్టి అంచు వెంబడి ముక్కుతో తడుముతూ తిరుగుతుంది. మూత ఏ మూల పావు అంగుళం లేస్తే ఆ మూల దొరికినట్టే. తల పట్టిందంటే ఒళ్లంతా దాని వెనకే జారిపోతుంది. మీ అల్యూమినియం చట్రం వంగే రకం, బరువేమో చివర్ల మధ్యలో ఉంది, మూలలు వదిలేశారు. అందుకే బరువు సంగతి మర్చిపోండి. ఎంత పెట్టినా అంతే. బిగింపు కావాలి. నాలుగు మూలలా, పొడవు వైపు మధ్యలో కూడా.

ఇక జాలీ. కిటికీలకి వేసేది చాలామటుకు ఫైబర్‌గ్లాస్ జాలీ. పాము వెచ్చదనం కోసం పైన పెట్టే దీపం వేడికి మెత్తబడి కరుగుతుంది, గోళ్లు లేని పాము ముక్కుతో పొడిచినా కొన్నాళ్లకి చిరుగుతుంది. మీకు కావాల్సింది హార్డ్‌వేర్ క్లాత్ అనే ఇనుప జాలీ. క్లాత్ అన్నారు గానీ గుడ్డ కాదు, జింకు పూత వేసిన వెల్డింగ్ తీగల వల. మూడడుగుల పాముకి పావు అంగుళం కన్నాలు సరిపోతాయి. ఎప్పటికైనా పిల్లల్ని పెంచేట్టయితే 1/8 అంగుళం తీసుకోండి. గుడ్లలోంచి వచ్చిన పిల్ల పెన్సిలంత లావు కూడా ఉండదు, పావు అంగుళం కన్నంలోంచి తల పెట్టి చూస్తుంది. 1/8 కన్నాలది ముక్కుకి కూడా మెత్తగా ఉంటుంది. నేనైతే అదే వాడతాను.

వడ్రంగిపిట్ట, షార్లెట్, నార్త్ కరోలినా
శనివారం మధ్యాహ్నం 12:05

అన్నా, మా నాయిన కరీంనగర్ల వడ్లపని చేసేటోడు. నేను ఇక్కడ ఐటీల ఉన్నగని వారం వారం గ్యారేజీల చెక్క ముట్టకుంటే నిద్ర పట్టదు. నా పాము తొట్లకు మూతలు నేనే చేసుకున్న. చెప్త విను.

చట్రానికి 1×2 పైన్ పట్టీలు తీస్కో. పేరుకే 1×2, అసలు కొలత ముప్పావు మందం, ఒకటిన్నర వెడల్పు. దుకాణంల ఒక్కొక్క పట్టీ కన్నుకు ఆనించి పొడుగు చూడు, వంకరున్నది పక్కన పెట్టు. ఇరవై చూస్తే నాలుగు దొరుకుతయ్. సిగ్గుపడకు, మా నాయిన టేకు దుంగకు కూడ గట్లనే చూసేటోడు. దేవదారు వాసనొచ్చే సీడర్ చెక్క మాత్రం వద్దు, దాని నూనె పాములకు పడదు.

చట్రం బయటి అంచు తొట్టి బయటి అంచుతోని సమానంగ రావాలె. గప్పుడు పట్టీ సగం తొట్టి నల్ల ప్లాస్టిక్ అంచు మీద కూసుంటది, మిగిలిన సగం లోపలికి వస్తది. ఆ లోపలి సగం కింద జాలీ పరిచి స్టేపుల్ కొట్టు. దాని కింద ముప్పావు అంగుళం బీడింగ్, అంటే సన్నటి చెక్కపట్టీ, పెట్టి స్క్రూలు బిగియ్యి. ఇగ జాలీ రెండు చెక్కల నడుమ పడ్డది. తీగ కొసలు ఒక్కటి కూడ బయటికి కనపడొద్దు. బీడింగ్ తొట్టి లోపలికి దిగుతది గనుక మూత పక్కకు కూడ జరగదు. చుట్టూత 1/8 అంగుళం సందు వదులు, లేకుంటే చెక్క తేమకు ఉబ్బినప్పుడు ఇరుక్కుంటది.

జాలీ చట్రం కిందనే ఎందుకంటున్నంటే, పాము కిందికెళ్లి తోస్తది. జాలీ కిందుంటే తోసినకొద్ది చెక్కకు ఇంకింత ఒత్తుకుంటది. పైన కొడితే తోసినప్పుడల్ల ఒక్కొక్క స్టేపుల్ లేస్తది. అంగట్ల దొరికే మూతలు కొన్ని గట్లనే ఊడుతయ్.

మూలలు సగం సగం చెక్కి ఒకదాంట్ల ఒకటి కూసునేటట్టు జోడియ్యి. రాకపోతే పక్కపక్కన పెట్టి పైన ఇనుప ఎల్ పట్టీ వెయ్యి, అదీ మంచిగనే ఉంటది. జిగురు ఆరకముందే ఈ మూలకెళ్లి ఆ మూలకు, ఆ మూలకెళ్లి ఈ మూలకు టేపు పెట్టి కొల్వు. రెండు కొలతలు ఒక్కటైతేనే చట్రం సరిగున్నట్టు. 36 అంగుళాల పొడుగు నడుమ వంగుతది, అడ్డంగ ఒక పట్టీ తప్పకుండ వెయ్యి.

మునగచెట్టు, మెల్‌బోర్న్
శనివారం రాత్రి 9:30

నేను కొంచెం వేరే మాట చెప్తాను. నా దగ్గర ఉన్నది కార్పెట్ పైథాన్ అనే కొండచిలువ, ఆరడుగుల పైమాటే. ఇక్కడ పాము పెంచాలంటే లైసెన్సు ఉండాలి, మీ కార్న్ స్నేక్ అయితే ఈ దేశంలో అసలు ఉంచుకోకూడదు. అది అలా ఉంచితే, పై మూత తొట్టి నాకు నచ్చదు. అడవిలో పాముకి ఆపద పైనుంచే వస్తుంది, గద్ద రూపంలో. మూత తీసి చెయ్యి దింపిన ప్రతిసారీ మాది బుసకొట్టేది. ముందు తలుపు జరిగే చెక్క పెట్టెలోకి మార్చాక శాంతించింది.

కార్న్ స్నేక్ అంత భయపడదని తెలుసు. కొత్త మూత ఎలాగూ చేస్తున్నారు కాబట్టి, దాన్ని మొత్తం లేపే పని లేకుండా కొంత భాగం తలుపులా తెరుచుకునేట్టు చెయ్యండి. దీపం ఉన్న వైపు కదలకుండా ఉండాలి. దీపాన్ని చేత్తో పక్కకి తీసి, కార్పెట్ మీదో మంచం మీదో పెట్టి మర్చిపోవడం వల్లే ఇళ్లు కాలుతాయి.

పొద్దుతిరుగుడు
ఆదివారం ఉదయం 7:20

అందరికీ చేతులెత్తి దండం. నిన్న రాత్రి మావాడూ నేనూ ఇవన్నీ చదువుతూ కాగితం మీద గీశాం. వేడి వైపు 12 అంగుళాలు కదలని భాగం, మిగతా 24 అంగుళాలు బందుల మీద తెరుచుకునే తలుపు. వాటి మధ్య పడే పట్టీయే వడ్రంగిపిట్ట గారు చెప్పిన అడ్డపట్టీ అవుతుంది.

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, చట్రాన్ని తొట్టికి ఎలా బిగించాలి? గాజుకి స్క్రూ వెయ్యలేం కదా. సిలికాన్‌తో అతికిస్తే? రెండు, పైనంతా జాలీ అయితే తేమ నిలుస్తుందా?

గోదారిగట్టు
ఆదివారం ఉదయం 9:00

సిలికాన్ గాజుని పట్టినంత గట్టిగా ఆ ప్లాస్టిక్ అంచుని పట్టదు. కొన్ని నెలలకి పొరలా ఊడొస్తుంది. పైగా ఎప్పుడైనా తొట్టి మొత్తం కడగాలంటే చట్రం అడ్డం.

ఆ నల్ల అంచు కింద వేలు పెట్టి చూడండి, గాజు కంటే కొంచెం ముందుకి వచ్చి ఉంటుంది. దాన్నే పట్టుకోవాలి. అంచు కిందికి కొక్కెంలా దిగే లోహపు క్లిప్పులు దొరుకుతాయి, అవి చాలు. లేదా చట్రం చుట్టూ కిందికి దిగేలా చెక్క పట్టీ వేసి, దాని అడుగున ఒక్క స్క్రూ మీద తిరిగే చిన్న చెక్కముక్కలు పెట్టండి. తిప్పితే అంచు కిందికి వెళ్లి పట్టుకుంటాయి, ఇంకోవైపు తిప్పితే వదులుతాయి. ఆరు పెట్టండి. తలుపుకి మాత్రం గడియ వెయ్యండి. అయస్కాంతం వద్దు, పాము తోసి తెరుస్తుంది.

తేమ గురించి. కార్న్ స్నేక్‌కి 40 నుంచి 60 శాతం ఉంటే హాయి. బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువ అయితే ఇంకా ఎక్కువ కావాలి, దానికి పూర్తి జాలీ మూత కష్టం. మీరు ముందు అంతా జాలీయే వెయ్యండి. తేమ తగ్గితే చల్లటి వైపు జాలీ మీద, పైనుంచి, పాలికార్బొనేట్ ప్లాస్టిక్ రేకు ముక్క కప్పుతూ రండి. సగం నుంచి మొదలుపెట్టి తేమ మీటరు చూసుకోండి. యాక్రిలిక్ వద్దు, ఒకవైపు వేడి ఒకవైపు తేమ తగిలితే అప్పడంలా వంగుతుంది, ఆ వంపులోనే సందు పుడుతుంది. కుబుసం తల నుంచి తోక దాకా ఒక్క ముక్కగా విడిచిందంటే తేమ సరిపోయినట్టే. ముక్కలు ముక్కలుగా ఊడితే, కంటి మీది పొర మిగిలితే గాలి పొడిగా ఉందని అర్థం.

వరిమడి, తణుకు
ఆదివారం సాయంత్రం 6:45

సార్, మా పొలంలో జెర్రిపోతు పిల్ల దొరికింది. అడుగు పైన ఉంది. బకెట్లో వేసి మూత పెట్టాను. దీనికి కూడా ఈ రకం మూత సరిపోద్దా? పావు అంగుళం జాలీ ఇక్కడ తాడేపల్లిగూడెంలో దొరుకుద్ది.

రాత్రిపిట్ట, హైదరాబాద్
ఆదివారం సాయంత్రం 7:02

తమ్ముడూ, దయచేసి ఉంచుకోవద్దు. మన దగ్గర పుట్టిన పాము ఏదైనా, నాగుపాము కానీ జెర్రిపోతు కానీ కొండచిలువ కానీ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. ఇంట్లో పెంచడం నేరం.

చట్టం కంటే ముందు ఇంకో భయం ఉంది నాకు. అది జెర్రిపోతేనని ఎవరు చెప్పారు? గోధుమరంగు పిల్ల, పడగ విప్పకపోతే నాగుపాముని జెర్రిపోతని, జెర్రిపోతుని నాగుపామని రోజూ పొరబడతారు. నేను పాములు పట్టి అడవిలో వదిలే పనిలో ఉన్నాను, ఫోన్లో వర్ణన విని నేనే తప్పు చెప్పిన రోజులున్నాయి. నాగుపాము పిల్ల కాటుకీ ప్రాణం పోతుంది. ఆ బకెట్ మూత మీరు తియ్యకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. అటవీ శాఖ వాళ్లకి ఫోన్ చెయ్యండి, మీ మండలంలో పాములు పట్టేవాళ్లు ఎవరున్నారో వాళ్లకి తెలుస్తుంది. హైదరాబాద్ వైపు అయితే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు వచ్చి తీసుకెళ్తారు.

అది జెర్రిపోతే అయితే మీ పొలంలో ఎలుకల్ని తినేది అదే. దాని చోటు వరి గట్టు.

ఇక్కడ ఇండియా నుంచి చదువుతున్న మిగతావాళ్లకి కూడా ఒక మాట. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాముల్ని పెంచేవాళ్లు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో నమోదు చేసుకోవాలి. మూత చేసుకునే ముందే ఆ పని చూసుకోండి.

వరిమడి
ఆదివారం రాత్రి 10:20

అన్నా, పట్టేవాళ్లు వచ్చారు. జెర్రిపోతేనంట. కాలవ అవతల మా కళ్లముందే వదిలారు. బకెట్ పొద్దున్నుంచి ఎండలో ఉంచాను, ఇంకాసేపుంటే చచ్చిపోయేదన్నారు. తెలవక చేశాను.

మునగచెట్టు
సోమవారం ఉదయం 5:50

తెలిశాక వెంటనే చేశారు, అది చాలు.

పొద్దుతిరుగుడు గారూ, ఒక జాగ్రత్త చెప్పడం మర్చిపోయాను. తొట్టి లోపల ఎక్కడా టేపు వాడకండి. నా మొదటి మూతకి జాలీ అంచు గుచ్చుకుంటోందని లోపలివైపు ప్లాస్టర్ టేపు వేశాను. తేమకి ఒక కొస ఊడింది. పొద్దున చూస్తే పాము దవడ కింది నుంచి జానెడు దూరం టేపుకి అతుక్కుపోయి ఉంది. విడిపించుకోబోయి మెలి తిరిగేకొద్దీ ఇంకా చుట్టుకుంది. లాగితే పొలుసులు ఊడొస్తాయి. వంటనూనెలో దూది పుల్ల ముంచి, టేపుకీ ఒంటికీ మధ్య రాస్తూ, ఒక్కో పొలుసు వరుస దాటుతూ విడదీశాను. గంటన్నర పట్టింది. అయినా నాలుగు పొలుసులు పోయాయి. ఆ మచ్చ రెండు కుబుసాల దాకా ఉంది. రేకు కప్పినా, అల్యూమినియం టేపు వేసినా, పైవైపు నుంచే.

పొద్దుతిరుగుడు
బుధవారం రాత్రి 10:40

పని మొదలుపెట్టాం. చట్రం అయింది. మూల నుంచి మూలకి కొలిస్తే మొదట 5 మిల్లీమీటర్లు తేడా వచ్చింది. జిగురు ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి పొడవున్న మూలల్ని దగ్గరికి నొక్కి తాడుతో బిగించి ఆరబెట్టాం, సరిపోయింది. ఆ చిట్కా చెప్పకపోతే రెండ్రోజుల తర్వాత తెలిసేది.

తలుపు చట్రంలో మాత్రం ఒక పట్టీ మెలిపడింది. గడియ వేస్తే ఎడమ మూల అతుక్కుంటోంది, కుడి మూల మూడు మిల్లీమీటర్లు లేస్తోంది. మావాడు లోపల టార్చ్ పెట్టి, గదిలో లైట్లు ఆపి చూపించాడు. ఆ మూల దగ్గర సన్నటి వెలుగు గీత. ఏం చెయ్యాలి?

వడ్రంగిపిట్ట
బుధవారం రాత్రి 11:15

పోరడు తెలివిగల్లోడు. గా టార్చ్ పరీక్ష నాకు తట్టలే, ఇప్పటిసంది నేను కూడ చేస్త.

మెలిపడ్డ పట్టీని బతిమాలినా మాట వినదు అన్నా. గడియ బలంతోని లాగి పెడుదామనుకోకు, నెల తిరిగేసరికి స్క్రూ కన్నం వదులైతది. ఆ ఒక్క పట్టీ తీసి కొత్తది వెయ్యి. రెండు గడియలు పెట్టు, నడుమ కాదు, రెండు మూలలకు. తలుపు వచ్చి కూసునే చోట సన్నటి పట్టీ కొడితే, ఎప్పుడన్న జరంత వంగినా కింద సందు కనపడదు.

జాలీ కత్తిరించినంక తీగ కొసల మీద ఆకురాయి తిప్పు. నీ అరచెయ్యితోని గట్టిగ రాసి చూడు. నీ చేతికి గుచ్చుకుంటే దాని ముక్కుకు గుచ్చుకున్నట్టే.

గోదారిగట్టు
గురువారం ఉదయం 7:30

వార్నిష్ ఏది వేస్తున్నారు? నీళ్లతో కలిసే పాలీయురెథేన్ అయితే మంచిది. పల్చగా మూడు పూతలు వెయ్యండి, కోసిన కొసలకి ఇంకో పూత ఎక్కువ, తేమ పీల్చేది అక్కడే. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, తొందరపడి తొట్టి మీద పెట్టొద్దు. వారం పది రోజులు గాలి ఆడే చోట ఉంచి, ముక్కు ఆనించినా వాసన రాకపోతే అప్పుడు పెట్టండి.

దీపం తొడుగు, అంటే డోమ్‌ని జాలీ మీద ఆనించకుండా స్టాండుకి వేలాడదియ్యండి. వేడి మించకుండా చూసే థర్మోస్టాట్ తప్పకుండా ఉండాలి. కింద వెచ్చటి చోటు 85 నుంచి 88 ఫారన్‌హీట్, చల్లటి వైపు 75 దాకా. మొదటి రోజు గంటకోసారి దీపం పక్కనున్న చెక్క మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి తీసేయాలనిపిస్తే దీపం ఇంకా పైకెత్తాలి.

పొద్దుతిరుగుడు
రెండు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:10

పెట్టేశాం. పట్టీ మార్చాక వెలుగు గీత పోయింది. చుట్టూ పెన్సిలు ములికి పెట్టి చూశాడు మావాడు, ఎక్కడా దూరలేదు. అడుగున తిరిగే ముక్కలు ఆరు, తలుపుకి గడియలు రెండు. చట్రం పట్టుకుని పైకి లాగితే తొట్టే కదిలింది గానీ మూత ఊడలేదు.

మొదటి రెండు రాత్రులు పండుమిరప అంచు వెంబడి తిరుగుతూనే ఉన్నాడు. కుడి మూల దగ్గర, పాత మూత లేచిన చోటే, ఎక్కువసేపు ఆగి ముక్కుతో నొక్కాడు. నేను కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను. జాలీ చెక్కకి ఆనుకుంది, అంతే. మూడో రాత్రి మానేసి తన గూట్లోకి వెళ్లిపోయాడు. ముక్కు మీద గీత లేదు.

మొదట తేమ 33కి పడిపోయింది. తలుపు మీద మూడింట రెండు వంతులు రేకు కప్పాక 46 నుంచి 50 మధ్య నిలుస్తోంది, అద్దానికి చెమట లేదు.

అత్తగారు శుక్రవారం దిగారు. సామాను కూడా విప్పకుండా నేరుగా తొట్టి దగ్గరికే వచ్చారు. రెండు గడియలూ వేలితో కదిపి చూశారు. తర్వాత ఒక మూల పట్టుకుని లాగి చూశారు. "పాలేం పోస్తారురా దీనికి?" అని మావాణ్ని అడిగితే, పాములు పాలు తాగవు అమ్మమ్మా, నీళ్లు చాలు, వారానికో పది రోజులకో ఎలుక, అని వాడు కూర్చోబెట్టి అన్నీ చెప్పాడు. ఇన్నేళ్లూ నాగులచవితికి పుట్టలో పోశాను కదరా అన్నారు. కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయారు.

నిన్న రాత్రి తిన్నాడు. రెండు రోజులు ముట్టుకోకూడదు కాబట్టి మావాడు గడియ మీద కాగితం అంటించాడు, బయటివైపే. సోమవారం సాయంత్రం దాకా తియ్యకూడదని రాసి, కింద అమ్మమ్మకి అర్థమయ్యేలా పెద్ద అక్షరాలతో తెలుగులో కూడా రాశాడు.